ఎండలు ముదిరినప్పటి నుంచి వానలు కుదురుకునేదాకా: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది అనంతపురం. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం, అది కూడా పడితే. ఎండ గురించి మాత్రం మాకు ఎవరూ నేర్పక్కర్లేదు. అందుకేనేమో, ఉగాది దాటిందంటే చుట్టాలు, పాత స్నేహితులు, విజయవాడలోనో హైదరాబాద్‌లోనో కాపురాలు పెట్టిన మా ఊరివాళ్లు వరసగా ఫోన్లు చేస్తారు. అడిగేవి ఏటా అవే. చెప్పిందే చెప్పి విసుగొచ్చి ఒకచోట రాసి పెట్టాను. మీకు ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికే నేరుగా వెళ్లండి, దేని జవాబు దానికే ఉంది. ఒక్క ముక్క మాత్రం ముందే చెప్తున్నా. ఏప్రిల్‌లో పొడి ఎండ, జూన్‌లో ఉక్క, ఆ తర్వాత తొలివాన. ఈ మూడూ వేరువేరు. ఒకదానికి పనికొచ్చిన ఉపాయం ఇంకోదానికి పనికిరాదు. జనం ఇబ్బంది పడేది ఎక్కువగా అక్కడే.

## శివరాత్రి దాటాక, ఎండలు ముదరకముందు

మిద్దె మీద గది మార్చిలోనే పెనంలా కాలుతోంది. సున్నం కొడితే నిజంగా తేడా ఉంటుందా?

ఉంటుంది. స్లాబు పగలంతా వేడి తాగి, రాత్రి పన్నెండు దాకా ఇంట్లోకి కక్కుతూనే ఉంటుంది. తెల్లపూత ఉంటే ఎండలో చాలా భాగం వెనక్కి పోతుంది. ఇంట్లో 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గొచ్చు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. కంపెనీల పెయింట్ కొనే స్తోమత లేకపోతే సున్నం చాలు. మేం సున్నం రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, కొంచెం ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేస్తాం. ముందు మిద్దెను బాగా ఊడ్చి తడపాలి, లేకపోతే పొట్టు పొట్టుగా లేచిపోతుంది. వానాకాలం వెళ్లేసరికి ఎలాగూ సగం కొట్టుకుపోతుంది, మళ్లీ మార్చిలో వేసుకోవాల్సిందే. పూత ఆరాక మధ్యాహ్నం పైకెక్కితే కళ్లు బైర్లు కమ్ముతాయి, జాగ్రత్త.

కొత్త కుండ కొన్నాం. వారం రోజులకే నీళ్లు చల్లబడటం మానేశాయి. కుండ మంచిది కాదా?

కుండ తప్పు కాకపోవచ్చు. గోడలోని సన్న రంధ్రాల గుండా నీళ్లు బయటికి ఊరి ఆవిరవుతాయి. ఆ ఆవిరే వేడిని పట్టుకుపోతుంది. బయట చెయ్యి పెడితే చెమట పట్టినట్టు తడిగా ఉందంటే కుండ పని చేస్తున్నట్టే. పొడిగా ఉంటే రంధ్రాలు పూడుకున్నట్టు. బోరు నీళ్లలోని ఉప్పు తెల్లగా పేరుకుని పూడ్చేస్తుంది. సబ్బు పెట్టకుండా కొబ్బరి పీచుతో లోపలా బయటా రుద్ది, ఒకరోజు ఎండలో బోర్లించి చూడండి. కుండను మూల గదిలో పెట్టేవాళ్లు కూడా ఎక్కువే. గాలి తగలందే అది చల్లబడదు. మా అవ్వ కిటికీ కింద తడి ఇసుక పోసి, దాని మీద కుండ పెట్టి, చుట్టూ తడి గోనె కప్పేది. ఇప్పటికీ మా ఇంట్లో అదే పద్ధతి. కోస్తాలో ఉండేవాళ్లు మాత్రం మా కుండంత చల్లదనం ఆశించొద్దు. అక్కడ గాలే తడిగా ఉంటుంది కాబట్టి నీళ్లు సరిగా ఆవిరి కావు.

ఏసీ కొనాలా, కూలర్ సరిపోతుందా?

మీ ఊరు ఎక్కడో చెప్పండి, జవాబు చెప్తా. అనంతపురం, కర్నూలు, హైదరాబాద్, నిజామాబాద్ లాంటి పొడి చోట్ల మే నెలాఖరు దాకా కూలర్ దర్జాగా పని చేస్తుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నంలో కూలర్ కొనడమంటే డబ్బులు పెట్టి జిడ్డు కొనుక్కోవడమే. కూలర్ కొంటే గడ్డి ప్యాడ్ల కన్నా వట్టివేళ్లవి బాగుంటాయి, కనీసం వాసనకైనా. ఏసీ కొంటే 18లో పెట్టి దుప్పటి కప్పుకోకండి. ఒక్కో డిగ్రీ పెంచితే 6 శాతం దాకా కరెంటు మిగులుతుందని కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. 26లో పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పుకుంటే నిద్రకు ఏ లోటూ ఉండదు.

బోరు ఏప్రిల్‌కే ఎండిపోతోంది. ఇంకా లోతుకు వేయిద్దామా?

తొందరపడొద్దు. మా జిల్లాలో బోరు మీద బోరు వేసి అప్పులపాలైన ఇళ్లు వీధికొకటి కనిపిస్తాయి. కింద గట్టి రాయి, నీళ్లుండేది ఆ రాతి పగుళ్లలోనే. ఆ పగుళ్లు మీ బోరుకు తగలకపోతే వెయ్యి అడుగులు పోయినా వచ్చేది దుమ్మే. పైగా కొత్త బోరుకు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. దానికన్నా ముందు ఈ లెక్క చూడండి. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 550 మిల్లీమీటర్లు పడితే 50 వేల లీటర్లు, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు పది! అవన్నీ మురిక్కాలవలోకి వదిలేసి, వేసవిలో ట్యాంకర్ కోసం ఎదురుచూస్తున్నాం. బోరు పక్కన ఇంకుడు గుంత తవ్వించి, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక వేసి, మిద్దె పైపును దానిలోకి తిప్పండి. పని ఏప్రిల్‌లోనే కావాలి. వాన మొదలయ్యాక కూలీలు దొరకరు. పనికిరాని పాత బోరు ఉంటే నోటికి ఆ రోజే గట్టి మూత బిగించండి. పిల్లలు పడిపోయే ప్రమాదం గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఆవకాయ ఎప్పుడు పెట్టుకోవాలి?

కాయలో టెంక గట్టిపడి, పులుపు ఇంకా తగ్గని రోజుల్లో. మాకైతే ఏప్రిల్ చివర, మే మొదట్లో. జూన్ దాకా ఆగితే గాలిలో తేమ పెరిగి, ముక్క ఎంత ఆరబెట్టినా ఉప్పూ కారం చెమ్మ పడతాయి. గాలివానకు రాలిన కాయ చౌకగా వచ్చిందని ఆవకాయకు వాడకండి. దెబ్బ తగిలిన చోట మెత్తబడి జాడీ మొత్తం పాడు చేస్తుంది. వాటిని ఒరుగులు చేసుకోండి, పప్పులోకి పనికొస్తాయి.

## నడి వేసవి

ఫోనులో 41 చూపిస్తోంది, బండి మీద వెళ్తే 50 లాగా ఉంది. ఏది నిజం?

రెండూ నిజమే. వాతావరణ శాఖ చెప్పేది నీడలోని గాలి వేడి. తెల్లరంగు వేసిన, చుట్టూ చీలికలున్న చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల పైన థర్మామీటర్ ఉంటుంది. మీరేమో నెత్తి మీద ఎండ, కింద తారురోడ్డు సెగ, పక్కన లారీ ఇంజను, ముఖాన వేడిగాలి, అన్నీ ఒకేసారి తింటున్నారు. కాబట్టి 41 అని చూసి "పర్లేదులే" అనుకోవద్దు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బండి తీయకుండా గడిపే దారి ఉంటే చూసుకోండి.

వడగాలులు అని ఎప్పుడు ప్రకటిస్తారు?

మైదాన ప్రాంతాల్లో కనీసం 40 డిగ్రీలు ఉండి, మామూలు కన్నా 4.5 డిగ్రీలు పెరిగితే వడగాలి. 6.4 కన్నా ఎక్కువ పెరిగితే తీవ్ర వడగాలి. లెక్కలతో పని లేకుండా 45 తాకితే వడగాలే, 47 తాకితే తీవ్రమే. తీరప్రాంతానికి 37 డిగ్రీల నుంచే లెక్క, అక్కడ కూడా మామూలు కన్నా 4.5 పెరగాలి.

విజయవాడలో 38, అనంతపురంలో 41. మరి మా అక్క విజయవాడే ఘోరం అంటుందేంటి?

మీ అక్క మాటే రైటు. ఒళ్లు చల్లబడేది చెమట పట్టడం వల్ల కాదు, పట్టిన చెమట ఆరడం వల్ల. అనంతపురంలో గాలి పొడిగా ఉంటుంది, చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది. కృష్ణా తీరంలో చెమట కారుతుందే తప్ప ఆరదు. అయితే మా దగ్గరా ఒక మోసం ఉంది. చొక్కా తడవదు కాబట్టి ఒంట్లోంచి నీళ్లు పోతున్నాయని తెలియదు. సాయంత్రం తలనొప్పి, పచ్చగా తక్కువగా మూత్రం. అప్పుడు గుర్తొస్తుంది. పొడి ఊళ్లలో దాహాన్ని నమ్ముకోకండి, గంటకోసారి తాగండి.

వడదెబ్బ అని ఎలా గుర్తుపట్టాలి? ఇంట్లో ఏం చేయాలి?

నీరసం, కళ్లు తిరగడం, కాళ్లు పీకడం, వాంతి వచ్చేలా ఉండటం ఎండ తగిలిన తొలి లక్షణాలు. నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, ఓఆర్‌ఎస్ గానీ ఉప్పేసిన మజ్జిగ గానీ కొంచెం కొంచెంగా తాగిస్తే చాలామంది గంటలో తేరుకుంటారు. మాట తడబడినా, మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా అది అసలు వడదెబ్బ. ఒంటి వేడి 40 డిగ్రీలు, అంటే 104 ఫారెన్‌హీట్ దాటి ఉంటుంది. అది ప్రాణం మీదికొచ్చినట్టే. వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. బిందెలతో ఒంటి మీద నీళ్లు పోయండి, తడిగుడ్డ కప్పి విసరండి, చంకల్లో, గజ్జల్లో, మెడ దగ్గర ఐసు పెట్టండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ వేయొద్దు, అది జ్వరానికి మందు, దీనికి కాదు.

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది కూలిపనికి వెళ్లేవాళ్లు, వయసు మళ్లినవాళ్లు. మీ ఇంటి దగ్గర మేస్త్రీ పని నడుస్తుంటే తెల్లారుజామున ఆరింటికి మొదలుపెట్టించి, పదకొండుకల్లా ఆపించండి. కూలి మాత్రం కోయకండి.

ఓఆర్‌ఎస్ ఇంట్లో చేసుకోవచ్చా? షాపులో టెట్రా ప్యాకెట్లు మంచివేనా?

లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. స్పూన్లు తలకొట్టుగా కొలవాలి, గుట్టగా కాదు. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడే. మందుల షాపులో పొడి తెచ్చుకుంటే దాని మీద ఎంత నీళ్లలో కలపమన్నారో అంతలోనే, మొత్తం ఒకేసారి కలపండి. సగం పొడి, సగం గ్లాసు అని ఉజ్జాయింపు వద్దు. తియ్యటి రంగునీళ్లకు ఓఆర్‌ఎస్ పేరు తగిలించి అమ్మేవాళ్లు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పానీయాల మీద ఓఆర్‌ఎస్ అన్న మాటే వాడొద్దని ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసినదని రాసి ఉందో లేదో చూసి కొనండి.

మూడు నెలల పాప. ఇంత ఎండలో కాసిని నీళ్లు పట్టకపోతే ఎలా అని అత్తమ్మ అంటున్నారు. పట్టొచ్చా?

వద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు చాలు, ఎంత ఎండైనా సరే. పాలలో ఎక్కువ భాగం నీళ్లే. కాకపోతే మామూలు కన్నా ఎక్కువసార్లు పట్టాలి, తల్లి బాగా నీళ్లు తాగాలి. పాప రోజుకు ఆరేడుసార్లు మూత్రం పోస్తుంటే బెంగ అక్కర్లేదు. అత్తమ్మగారితో వాదన పెట్టుకోకుండా డాక్టర్ దగ్గరికి ఆమెను కూడా తీసుకెళ్లండి. మా ఇంట్లో అలాగే తెగింది.

మామిడిపండ్లు తింటే వేడి చేసి సెగగడ్డలు వస్తాయా?

సెగగడ్డ వచ్చేది చర్మం మీద ఉండే బ్యాక్టీరియా వల్ల. చెమట, మురికి, రాపిడి దానికి దారి ఇస్తాయి. అవన్నీ ఉండేది మామిడిపండ్ల కాలంలోనే కాబట్టి నింద పండు మీద పడింది. షుగర్ ఉన్నవాళ్లకు గడ్డలు ఎక్కువగా వస్తాయి, వాళ్లు పండు తగ్గించాల్సిందే కానీ కారణం వేరు. పండును గంటసేపు నీళ్లలో వేసి తినే పాత అలవాటు మంచిదే. తొడిమ దగ్గర సొన పోతుంది, నోరు పొక్కదు.

చల్లటి బీరు చలవ చేస్తుందంటారు కదా?

తాగేటప్పుడు చల్లగా ఉంటుంది, అంతే. మద్యం మూత్రం ఎక్కువ పోయేలా చేస్తుంది. ఎండలో తిరిగొచ్చి బీరు తాగడం కన్నా తాటి ముంజలు ఓ డజను తినండి.

ఎండాకాలంలో బండికి ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే పేలిపోతుందా?

పేలదు. ఏటా ఏప్రిల్‌లో వాట్సాప్‌లో తిరిగే పుకారు ఇది. ఇండియన్ ఆయిల్ కూడా ఖండించింది. కంపెనీ చెప్పిన గరిష్ఠ పరిమితి దాకా నిశ్చింతగా పోయించండి. టైర్లలో గాలి మాత్రం పొద్దున్నే, బండి నడపకముందే చూపించుకోండి.

మధ్యాహ్నం ఫ్యాను వేస్తే నిప్పులు కక్కుతోంది. కట్టేయమంటారా?

గది వేడి 40 దాటితే ఫ్యాను చల్లబరచదు, ఒంటికి వేడిగాలి కొడుతుంది. అప్పుడు ఒట్టి ఫ్యాను కింద పడుకోవద్దు, ముఖ్యంగా పెద్దవాళ్లు. తడిపి పిండిన పంచె ఒంటి మీద వేసుకుని ఫ్యాను వేసుకుంటే మాత్రం హాయిగా ఉంటుంది. పొద్దున ఎనిమిదింటికే కిటికీలు మూసి పరదాలు దించి, రాత్రి తెరవండి. పగలు "గాలి రానీ" అని కిటికీలు తీయడం మా దగ్గర ఎవరూ చేయని పని.

అమెరికా నుంచి పిల్లలతో మే నెలలో వస్తున్నాం. తట్టుకుంటారా?

ఒంటికి ఎండ అలవాటు కావడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. దిగిన మర్నాడే తిరుపతి, ఆ మర్నాడు పెళ్లి, మూడోనాడు షాపింగ్ అని పెట్టుకోకండి. మొదటి వారం పగటిపూట ఇంట్లోనే ఉంచండి. బయటి ఐసు, రంగు సోడా మానిపించగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది. వీలైతే డిసెంబరులో రండి అని నా సలహా, ఎవరూ వినరు.

## రోహిణి కార్తె, గాలివానలు

సూర్యుడు నెత్తి మీదికొచ్చేది ఎప్పుడు? రోహిణిలోనే రోళ్లు ఎందుకు పగులుతాయి?

హైదరాబాద్‌లో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నీడ మాయమయ్యేది మే 9 ప్రాంతంలో. మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి. ఆగస్టులో మబ్బులుంటాయి కాబట్టి ఎవరూ పట్టించుకోరు. మే 25 నుంచి జూన్ 7, 8 దాకా ఉండే రోహిణి నాటికి నేల మూడు నెలల వేడి తాగేసి ఉంటుంది, మబ్బు ఇంకా పట్టదు, చెరువుల్లో చుక్క ఉండదు. రుతుపవనం ముందే వచ్చిన ఏడు ఈ సామెత తప్పుతుంది. 2025లో మే 24కే కేరళను తాకింది, రోహిణి ఎండలు చూడకుండానే మబ్బులు చూశాం.

బంగాళాఖాతంలో తుపాను అన్నారు. చల్లబడుతుందనుకుంటే ఎండ ఇంకా పెరిగిందేంటి?

తుపాను మన తీరానికి రాకుండా ఒడిశా, బంగ్లాదేశ్, మయన్మార్ వైపు పోతే జరిగేది అదే. అది సముద్రం మీది తేమను తన వైపు లాక్కుంటుంది, మనకు పడమటి నుంచి పొడి వేడిగాలి తోలుతుంది. ఆ గాలి తూర్పు కనుమలు దిగుతూ ఇంకా వేడెక్కుతుంది. సముద్రపు గాలి తీరం దాటి లోపలికి రాలేదు. పల్నాడులో రెంటచింతల పేరు వార్తల్లో వినిపించేది ఇలాంటి రోజుల్లోనే.

పొలంలో ఉండగా ఉరుములు మొదలైతే ఎక్కడికి పోవాలి?

చెట్టు కిందికి మాత్రం పోవద్దు. మన దగ్గర పిడుగు చావుల్లో చింతచెట్టు కిందో, వేపచెట్టు కిందో నిలబడ్డ గొర్రెల కాపరులు, కూలీలు తప్పకుండా ఉంటారు. దేశంలో ఏటా రెండున్నర వేల మందికి పైగా పిడుగుపాటుకు పోతున్నారు. పక్కా ఇల్లు గానీ, అద్దాలు మూసిన కారు గానీ దొరికితే సరి. మెరుపు చూశాక లెక్క పెట్టడం మొదలుపెట్టండి, 30 లోపే ఉరుము వినిపిస్తే ప్రమాదం దగ్గర్లోనే ఉంది. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి బయటికి రండి. ఏమీ లేని బయలులో చిక్కుకుంటే పాదాలు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోండి. పడుకోవద్దు. పార, గునపం, గొడుగు దూరంగా వదిలేయండి. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ల దామిని యాప్ దగ్గర్లో పిడుగులు పడే సూచన ముందే ఇస్తుంది, ఇంట్లో చదువుకున్న పిల్లల చేత వేయించుకోండి.

వాన వచ్చేలోపు ఇంట్లో ఒకే ఒక్క పని చేయాలంటే ఏది?

మిద్దె మీద నీళ్లు పోయే గొట్టం నోరు శుభ్రం చేయండి. ఇది అనుభవం మీద చెప్తున్నా. ఒక ఏడు మే చివరి రాత్రి గాలివాన వచ్చింది. వేపాకు రాలి, అమ్మ వడియాలు పెట్టిన పాత చీర పేలిక ఎగిరి, రెండూ కలిసి గొట్టంలో బిరడాలా బిగుసుకున్నాయి. మిద్దె మీద జానెడు నీళ్లు నిలిచాయి. తెల్లారేసరికి హాల్లో లైటు హోల్డర్ నుంచి బొట్టు బొట్టుగా కారుతోంది. మెయిన్ ఆపి, చీకట్లో పైకెక్కి, మోచేతి దాకా చెయ్యి పెట్టి ఆ పేలిక లాగితే గళగళా శబ్దంతో ఒక్కసారిగా దిగాయి నీళ్లు. సీలింగ్ మీద పసుపు మరక ఇప్పటికీ ఉంది. మరక పోయేలా రంగు వేయించమని ఇంట్లో పోరు, మర్చిపోకుండా ఉంటుందని నేనే ఉంచాను.

## తొలివాన

తొలివానకు మట్టి అంత వాసన ఎందుకొస్తుంది?

మట్టిలో స్ట్రెప్టోమైసిస్ లాంటి సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థం తయారుచేస్తాయి. ఎండిన నేల మీద చినుకు పడగానే చిన్న బుడగలు పేలి దాన్ని గాలిలోకి ఎగజిమ్ముతాయి. మన ముక్కు దాన్ని లక్ష కోట్ల పాళ్లలో కొన్ని పాళ్లున్నా పట్టేస్తుంది. ఎండలో మొక్కల నుంచి రాయికీ మట్టికీ పట్టిన నూనెలు కూడా దానికి తోడు. 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దీనికి పెట్రికోర్ అని పేరు పెట్టారు. మాకు ఆ పేరు అక్కర్లేదు. వాన ఇంకా ఊరి బయట ఉండగానే వాసన వస్తే, అమ్మ దండెం మీది బట్టలు తీయడానికి పరిగెడుతుంది.

లైటు చుట్టూ వేలకు వేలు పురుగులు. పొద్దున వాకిట్లో ఎర్ర మఖమల్ పురుగులు. మందు కొట్టాలా?

ఏదీ కొట్టొద్దు. లైటుకు చేరేవి ఉసిళ్లు, రెక్కలొచ్చిన చెదలు. గంటసేపు దీపాలార్పితే పోతాయి, రెక్కలు మాత్రం మర్నాడు చీపురుకు అంటుకుంటూ వస్తాయి. ఎర్రవి ఆరుద్ర పురుగులు. ఎనిమిది కాళ్లుంటాయి, సాలీడు చుట్టాలు. ఏడాదంతా మట్టిలో ఉండి, తొలివానలకు పైకొస్తాయి. అరచేతిలో పెట్టుకుంటే ముందు కాళ్లు ముడుచుకుని కుంకుమ బొట్టులా ఉండిపోతుంది, కాసేపు కదలకుండా ఉంటే నెమ్మదిగా నడక మొదలుపెడుతుంది. కుట్టదు. పిల్లలు అగ్గిపెట్టెలో దాస్తారు, సాయంత్రానికి వదిలేయమని చెప్పండి.

మిద్దె మీది తొలివాన నీళ్లు పట్టి వాడుకోవచ్చా?

మొదటి రెండు మూడు వానలు వదిలేయండి. మూడు నెలల దుమ్ము, పావురాల రెట్ట, సున్నం అన్నీ దాంట్లోనే ఉంటాయి. తర్వాతివి మొక్కలకు, బట్టలకు బాగుంటాయి. తాగడానికైతే కాచి వడకట్టాలి.

మా ఊళ్లో ఎంత వాన పడిందో ఎలా కొలవాలి?

అడుగూ నోరూ ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఏదైనా ఆరుబయట, చెట్టుకూ గోడకూ దూరంగా పెట్టండి. పొద్దున ఎనిమిదిన్నరకు స్కేలు ముంచి చూడండి. ఎన్ని మిల్లీమీటర్లు తడిస్తే అంత వాన. 2.5 దాటితే వాతావరణ శాఖ లెక్కలో అది వానరోజు. "కుండపోత" అనుకున్న వాన చాలాసార్లు 12 దగ్గర ఆగుతుంది, చూస్తే నవ్వొస్తుంది.

మంచి వాన పడింది. విత్తనం వేసేయొచ్చా?

మా దగ్గర కుటుంబాలను ముంచిందీ తేల్చిందీ ఈ ఒక్క ప్రశ్నే. పైన తడిసిన నేల చూసి విత్తే గొర్రు కట్టొద్దు. పలుగుతో జానెడు తవ్వి, అడుగు మట్టి పిడికిట్లో నొక్కండి. ముద్దగా నిలిస్తే పదును ఉన్నట్టు, పొడిగా రాలిపోతే లేనట్టే. తెలంగాణలో పత్తికి 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన కురిసాకే వేయమంటారు. మా ఎర్రనేలల్లో వేరుశనగ జూన్ తొలివానకే వేస్తే, పూత పూసి, కాయ కాసే ఊడ నేలలోకి దిగే సమయానికి ఆగస్టు బెట్ట, అంటే వానల్లేని ఎడం, పట్టుకుంటుంది. అందుకే జూలై విత్తనం మేలు. ఎకరాకు 60 కిలోల దాకా విత్తనం, అంత డబ్బు నేలలో పోసే ముందు వారం ఆగితే పోయేదేమీ లేదు. పక్కవాడు గొర్రు కట్టాడని మనమూ కట్టడమే అసలు జబ్బు. ఆగిన వారంలో గుంటక తోలి గడ్డి తీసేయండి.

రుతుపవనాలు రాష్ట్రమంతా విస్తరించాయని వార్తల్లో చెప్పారు. మాకు చినుకు లేదు. అబద్ధమా?

అబద్ధం కాదు. రుతుపవనం వచ్చిందంటే గాలి దిక్కు, తేమ మారాయని. మీ పెరట్లో వాన పడుతుందని కాదు. కేరళలో కూడా ప్రకటించడానికి లెక్క ఉంది. ఎంచిన 14 కేంద్రాల్లో 60 శాతం చోట్ల వరసగా రెండు రోజులు 2.5 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో పడాలి, గాలి, మబ్బు లెక్కలూ కుదరాలి. ఆ గాలి పడమటి కనుమలు ఎక్కుతూ నీళ్లన్నీ అక్కడే దించి, ఒట్టి చేతులతో మా వైపు దిగుతుంది. మేమున్నది వాననీడలో. జూన్, జూలైలో మాకు ఎక్కువగా వచ్చేది గాలే. ఇంటి మీద రేకు లేచిపోయే గాలి. మా అసలు వాన సెప్టెంబరులో.

## వానలు కుదురుకున్నాక, లేదా ముఖం చాటేస్తే

జూన్‌లో కూలర్ వేస్తే ఒళ్లంతా జిగట. పాడైందా?

పాడు కాలేదు, దాని కాలం అయిపోయింది. గాలిలో ఇప్పటికే తేమ ఉంటే నీళ్లు ఆవిరి కావు. పంపు ఆపి ఒట్టి ఫ్యానులా వాడండి. కిటికీలన్నీ తీయండి. తలుపులు బిగించి కూలర్ నడిపితే ఇల్లు ఇడ్లీపాత్ర అవుతుంది. వారానికోసారి తొట్టి ఖాళీ చేసి రుద్దండి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు చాలు. పూలకుండీ పళ్లెం, పాత టైరు, ఫ్రిజ్ వెనక ట్రే కూడా చూడండి. ఫ్రిజ్ ట్రే ఎవరికీ గుర్తుండదు.

వాన వెలిశాక ఇనుప తీగ మీద బట్టలు ఆరేస్తే షాక్ కొడుతుందా?

కొట్టొచ్చు. దండెం ఇనుప తీగ ఎక్కడో సర్వీసు వైరుకో, రేకుకో తగిలి ఉంటుంది. వైరు తొడుగు ఎండకు పగిలి ఉంటుంది, వాన తడి పడగానే తీగ మొత్తానికి కరెంటు పాకుతుంది. ప్రతి వానాకాలం ఇలా ఇల్లాళ్లు చనిపోయిన వార్త చదువుతూనే ఉన్నాం. తీగ తీసేసి నైలాన్ తాడు కట్టండి. తెగిపడిన వైరు కనిపిస్తే ముట్టకుండా కరెంటు వాళ్ల నంబరు 1912కు ఫోన్ చేయండి.

పాము కరిస్తే మొదట ఏం చేయాలి?

కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు పోయించొద్దు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పొడపాము నాలుగింటికీ విరుగుడు ఒకే మందు, కాబట్టి పామును చంపి సంచిలో వేసుకెళ్లక్కర్లేదు. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, నొప్పి కూడా తెలియదు. తెల్లారి కనురెప్పలు వాలిపోతుంటే, మింగుడు పడకపోతుంటే నిద్రమత్తు అనుకోవద్దు. వానాకాలం మంచం మీదే పడుకోండి, దోమతెర పరుపు కిందికి దోపండి.

వేసిన పైరు ఎండుతోంది. ఇంకా వాన వస్తుందని ఎదురుచూడాలా?

2023 ఆగస్టు 1901 తర్వాత దేశం చూసిన అతి పొడి ఆగస్టు. ఆ నెలంతా ఆకాశం చూసి ఏం చేయాలో తెలియక కూర్చున్నవాళ్లే ఎక్కువ. మొలక సగం కూడా నిలవకపోతే పంట మీద మమకారం పెంచుకోకుండా దున్నేసి, ఆగస్టులోనైతే కొర్ర, జొన్న, ఇంకా ఆలస్యమైతే ఉలవలు వేయడం నయం. ఉలవలు తక్కువ తడికే పండుతాయి, ఏమీ లేకపోయినా పశువులకు మేత మిగులుతుంది. బీమా కట్టి ఉంటే దున్నే ముందే రైతు సేవా కేంద్రంలో చెప్పి, ఫొటోలు తీయించి పెట్టుకోండి.

కప్పతల్లిని ఊరేగిస్తే వాన వస్తుందా?

రోకలికి కప్పను కట్టి, వేపమండలతో ఇంటింటికీ తిరుగుతుంటే బిందెడు నీళ్లు పోయడం నా చిన్నప్పుడు చూశాను. కరువు ముదిరి, ఇక రేపో మాపో పడక తప్పదన్నప్పుడే ఊరేగిస్తారు కాబట్టి తర్వాత వాన పడ్డమూ చూశాను. వాన సంగతి ఎలా ఉన్నా ఆ రోజు ఊరంతా ఒకటయ్యేది. కప్పను మాత్రం సాయంత్రం చెరువులో వదిలేయండి.

కూలర్ ఎప్పుడు కట్టి పైన పెట్టేయాలి?

కోస్తాలో అయితే జూలైలోనే. హైదరాబాద్‌లో మంచి వానలు రెండు పడ్డాక. ప్యాడ్లు తీసి ఎండబెట్టి, తొట్టి తుడిచి, మోటారుకు రెండు చుక్కల నూనె వేసి, గుడ్డ కప్పండి. తడిగా కప్పితే వచ్చే ఏడు తుప్పు మాత్రమే మిగులుతుంది. మా ఇంట్లో దాన్ని దసరా దాకా అటకెక్కించం. ఆగస్టులో ఎండలు మళ్లీ కాస్తాయి, ఏటా కాస్తాయి, ఏటా ఎవరో ఒకరు "ఇంకా తీయలేదా?" అని అడుగుతారు.